తేదీ ఎవరూ అడగలేదు



మీ ఇంట్లో ఒక అమ్మాయికి దగ్గితే రక్తం పడిందనుకోండి. మొదట మనకు తోచేది క్షయ. మన దేశంలో ఆ జబ్బు ఎక్కువ కనుక అలా తోచడం తప్పు కాదు. తెమడలో క్రిములు కనబడకపోయినా ఆరు నెలల మందులు మొదలవుతాయి. నాలుగు రోజుల్లో రక్తం ఆగుతుంది. మందు పనిచేసిందని సంతోషిస్తాం. వచ్చే నెల మళ్లీ పడుతుంది. 'మాత్రలు సరిగా మింగడం లేదు' అని ఆమెనే గద్దిస్తాం.

గర్భసంచి లోపలి పొరవంటి కణజాలం ఆ సంచి బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. సాధారణంగా అది పొత్తికడుపులోనే ఉంటుంది. అరుదుగా ఛాతీకీ పొట్టకూ మధ్యనుండే డయాఫ్రం మీదా, ఊపిరితిత్తుల మీదా చేరుతుంది. నెలసరి వచ్చినప్పుడు అక్కడా రక్తం కారుతుంది. ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంగిపోతుంది. ఇది ఎక్కువగా కుడివైపున, నెలసరి మొదలైన మూడు రోజుల లోపు జరుగుతుంది. ఈ సంగతి 1958లోనే అమెరికా వైద్య పత్రికకెక్కింది.

తీరా ఎక్స్‌రే తీసేనాటికి ఛాతీ శుభ్రంగా కనబడవచ్చు. అందుకే నెలసరి రోజుల్లో ఒకసారి, తరువాత మరోసారి స్కాన్ తీసి పోల్చి చూస్తారు. ఛాతీలోకి కెమెరా గొట్టం పంపితే డయాఫ్రం మీద గోధుమరంగు మచ్చలో, సన్నని చిల్లులో కనబడవచ్చు. కనబడకనూ పోవచ్చు. ఇన్ని యంత్రాల మధ్య మొదటి ఆధారం ఆమె మాటే.

కంటికి కనబడని బాధను నమ్మవలసిన బాధ్యత మనకున్నదా? రుజువు అడగడం వైద్యుని ధర్మం. అరుదైన జబ్బు తెలియకపోవడం ఆయన పాపమూ కాదు. కానీ 'నాకు రుజువు దొరకలేదు' అనడం వేరు, 'నీకేమీ లేదు, అంతా నటన' అనడం వేరు. మొదటిది వినయం. రెండవది ఎనిమిదవ ఆజ్ఞను మీరడమే అంటాను. 'పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి' అనే మన పెద్దల మాటనూ నేను అందులోనే చేరుస్తాను.

డాక్టరుగారి ఎదుట తండ్రో, మామగారో కూర్చుని ఉంటే ఆ పిల్ల తేదీ ఎలా చెబుతుంది? మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీ పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకే ఖర్చు చేసింది. అవతల ఒక బిడ్డ చావుబతుకుల్లో ఉన్నా, ప్రభువు ఆగి ఆమె చెప్పినదంతా విన్నాడు.

విచారణ కాలెండరు మన గోడలకు వేలాడుతూనే ఉంటుంది. ఉపవాస దినాలు చూసుకునే ఆ కాగితం మీదనే నెలసరి రోజునూ, ఛాతీలోనో కుడి భుజంలోనో నొప్పి వచ్చిన రోజునూ పెన్సిలుతో గుర్తు పెట్టమని మీ అమ్మాయికి చెప్పండి. డాక్టరు దగ్గరకు ఆ కాగితమూ తీసుకువెళ్లండి. క్షయ మందులు వాడుతున్నవారు మాత్రం ఇది చదివి వాటిని మానరాదు. దగ్గులో రక్తం పడినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా కాలెండరు కోసం ఆగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు అడగకపోయినా, తేదీ మీరే చెప్పండి.