బ్రహ్మచారి అడిగిన ప్రశ్న

ధర్మం ఆచరించడానికి శరీరమే మొదటి సాధనమన్న మాట ఆరోగ్యం గురించి ఎవరు ప్రసంగించినా వినిపిస్తుంది. అది ఎవరు ఎవరితో అన్నారో పట్టించుకునేవారు తక్కువ. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి శివుడి కోసం తపస్సు చేస్తుంటుంది. మండు వేసవిలో చుట్టూ నిప్పులు పెట్టుకుని సూర్యుడి వైపు చూస్తూ కూర్చుంటుంది, చలి రాత్రుల్లో నీళ్లలో నిలబడుతుంది, చివరికి రాలిన ఆకులు తినడం కూడా మానేస్తుంది. బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు కుశలమడుగుతూ, నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావు కదా అంటాడు. ఆ ప్రశ్నకు ఆధారంగా అన్న మాట అది. ఒంటిని ఇంకా కష్టపెట్టమని కాదు, కనిపెట్టుకోమని దాని భావం. జిమ్‌లో కొత్తగా చేరేవారికి చెప్పదగ్గ సలహా అంతా ఆ ప్రశ్నలోనే ఉందని నా వాదన. దెబ్బలు తగలకుండా చెప్పే జాగ్రత్త అందులో ఒక భాగమే. ఈ దేహంతో మనిషి ఎలా మెలగాలన్నది అసలు సంగతి.

ఎప్పుడో ఒకప్పుడు పోయే ఒంటికి కండలెందుకు, అది దేహాభిమానం కాదా అని వేదాంతం తెలిసినవారు అడగొచ్చు. 1897లో మద్రాసులో మాట్లాడుతూ వివేకానందుడు యువకులకు ముందు బలం కావాలనీ, కండరాలు కాస్త గట్టిపడితే గీత ఇంకా బాగా అర్థమవుతుందనీ అన్నారు. ఆ గీతే పదిహేడో అధ్యాయంలో తపస్సును మూడు రకాలుగా విడదీసింది. మూర్ఖపు పట్టుదలతో తనను తాను హింసించుకుంటూ చేసేది తామసం. నలుగురి మెప్పు కోసం, ఆర్భాటం కోసం చేసేది రాజసం, అది నిలవదని కూడా చెప్పింది. కొత్త సంవత్సరం మొదటి వారంలో కిటకిటలాడి, సంక్రాంతి పిండివంటలు అయ్యేసరికి పలచబడే జిమ్‌లను చూస్తే ఆ చివరి ముక్కకు వ్యాఖ్యానం అక్కర్లేదు. దేహాభిమానం కండలున్నవాడికే ఉంటుందనుకోవడం సరికాదు. చేసిన ఉపవాసాలు లెక్కపెట్టి చెప్పుకునేవాడికీ అదే జబ్బు. మొదటి రోజే పక్కవాడి బార్ చూసి తన బార్‌కు ప్లేట్లు ఎక్కించేవాడిలో మాత్రం ఆర్భాటం, హింస రెండూ కలిసే ఉంటాయి.

శక్తికి తగ్గట్టు అంటే ఎంత? మన వైద్యులు దీనికి లెక్క చెప్పారు. వ్యాయామం సగం శక్తి మేరకే చేయాలన్నాడు సుశ్రుతుడు. గుండెల్లో ఉండాల్సిన గాలి నోటిదాకా రావడం, అంటే ఎగశ్వాస మొదలవడం, ఆ సగానికి గుర్తు. వాగ్భటుడు ఇంకా బిగించాడు: ఆ సగమైనా బలం ఉండి నెయ్యీ నూనే దండిగా తినేవారికి, అదీ చలికాలంలో, వసంతంలో. మిగిలిన రోజుల్లో అంతకంటే తక్కువే. అతి చేస్తే దప్పిక, దగ్గు, జ్వరం, వాంతులు వస్తాయన్నాడు చరకుడు. ఇప్పటి శరీరశాస్త్రం చెప్పేదీ దీనికి దూరంగా లేదు. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండ పెరగడం వల్ల కాదు, కండను పని చేయించడం నరాలు నేర్చుకోవడం వల్ల. కండను ఎముకకు కట్టిపెట్టే స్నాయువులు కండకంటే నిదానంగా గట్టిపడతాయి. అందుకే, లేపగలిగినంత మాత్రాన లేపవచ్చని కాదు. పైగా ఒళ్లు వెంటనే ఫిర్యాదు చేయదు. స్క్వాట్లు విరగతీసిన రోజు హుషారుగానే ఇంటికి వస్తారు. మర్నాడో, ఆ మర్నాడో మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఆ నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది, భయం లేదు. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం అది మామూలు ఒళ్లునొప్పి కాదు. చితికిన కండరం లోపలి పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతున్నాయని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సగంతో ఆగితే కండ ఎలా పెరుగుతుంది, అలవాటు లేని బరువు పడితేనే కదా అని ట్రైనర్లు అంటారు. నిజమే. అయితే ఆ సగం ఏ రోజు శక్తిలో సగమన్నది చూడాలి. శక్తి పెరిగేకొద్దీ సగమూ పెరుగుతుంది. ఇక లేవదు అనేదాకా వెళ్లకుండా రెండు మూడు రెప్స్ ముందే ఆపినా కొత్తవారికి బలం చక్కగా వస్తుంది. వైద్యుల లెక్క ఆరోగ్యం కోసం చెప్పింది, పోటీల కోసం కాదన్నదీ ఒప్పుకోవాలి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు లాంటి మల్లుడు సగంతో తయారుకాడు. కానీ మొదటి నెలలో ఉన్నవాడికి ఆయన కొలత కాదు.

అసలు గట్టి ఆక్షేపణ కావ్యంలోనే ఉంది. పార్వతి తగ్గలేదు, అయినా ఆమె తపస్సు ఫలించింది కదా! ఫలించింది. ఆమె కోరికతోనే చేసింది కాబట్టి, ఫలితం కోరి జిమ్‌లో చేరడం తప్పనే మాటకూ ఇక్కడ చోటు లేదు. కాకపోతే ఆ సుకుమారి అంత కష్టం ఎలా ఓర్చుకుందో కవికే సంజాయిషీ చెప్పాల్సి వచ్చింది. ఆమె ఒళ్లు బంగారు తామరలతో చేసిందై ఉండాలి, అందుకే మెత్తగా ఉంటూనే గట్టిగానూ ఉందన్నాడు. మన ఒళ్లు అలాంటివి కావు.

కాబట్టి ఈ వారం చేరబోయేవారు మొదటి రోజు ప్లేట్లు లేని బార్‌తో మొదలుపెట్టండి, అదే 20 కిలోలు ఉండొచ్చు. అదీ బరువనిపిస్తే చిన్న డంబెల్స్ తీసుకోండి. బరువుల పని వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మొదట్లో అంతే చాలు. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు ఫీజు కట్టకముందే డాక్టరుకు చూపించుకోండి.