కుంచె పట్టిన కర్త యెవరు?

2023 ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు లండన్ నగరమందలి టేట్ మోడర్న్ చిత్రశాలలోను, అటుపిమ్మట 2024 ఫిబ్రవరి వరకు హాలండ్ దేశమున హేగ్ నగరపు కళాసంగ్రహాలయములోను, జీవితకాలమున ఒకరి ముఖమొకరు చూచి యెరుగని యిరువురు చిత్రకారుల కృతులను ఒక్కచోట చేర్చి ప్రదర్శించిరి. అందొకరు స్వీడన్ దేశీయురాలగు హిల్మా ఆఫ్ క్లింట్. మరియొకరు హాలండ్ దేశీయుడగు పీట్ మాండ్రియన్. ఆమె 1862లోను, అతడు 1872లోను జన్మించిరి. ఇరువురును 1944లోనే, ఆమె స్టాక్‌హోం చేరువను, అతడు న్యూయార్క్‌లోను, కాలధర్మము నొందిరి. లోకమున కనబడు ఆకృతులను విడిచి, వర్ణములచేతను రేఖలచేతను మాత్రమే చిత్రమును నిర్మించు మార్గమున మొదట నడచినవారిలో వీరిరువురును ముఖ్యులు. విషయమింతటితో ముగిసినచో దానిని కళాచరిత్రకారులకు విడిచిపెట్టవచ్చును. కాని ఆ గోడలమీది చిత్రముల నడుమ మతవిచారణకు చెందిన ప్రాచీనప్రశ్న యొకటి నిలిచియున్నది: మానవుని చేతిమీదుగా వెలువడిన కృతికి నిజమైన కర్త యెవరు?

ఇద్దరు కళాకారులను జతపరచి చూపుటయందు అపాయము లేకపోలేదు. ప్రక్కప్రక్కన నిలిపిన యే రెండు వస్తువులయందైనను పోలికలను వెదకుట కంటికి స్వభావము. పోలిక కనబడినంతనే బంధుత్వమును ఊహించుట మనస్సునకు స్వభావము. ఈ ప్రదర్శనమున మాండ్రియన్ చిత్రించిన పువ్వుల కెదురుగ హిల్మా వ్రాసిన వృక్షశాస్త్రసంబంధములైన నీటిరంగుల బొమ్మలు నిలిచెను. ఆమె స్టాక్‌హోం రాయల్ కళాపరిషత్తునను, అతడు ఆమ్‌స్టర్‌డాం కళాపరిషత్తునను శిక్షణ పొందినవారు. ఆ కాలపు శిక్షణములో ఒక ఆకును దాని యీనెలతో సహా యథాతథముగ గీయగలుగుట ప్రతి విద్యార్థికిని విధిగా అలవడవలసిన విద్య. కావున ఆ పువ్వుల పోలిక రెండు పాఠశాలల పోలికయే గాని రెండు ఆత్మల పోలిక కాదని నా యభిప్రాయము. ప్రదర్శనకర్తలు దానిని గొప్పగా చూపినను, వారి యత్నమున కెల్ల బలమైన యాధారము వేరొకచోట నున్నది.

ఆ యాధారము చెన్నపట్టణమందలి అడయారుతో ముడిపడియున్నది. 1882 డిసెంబరులో దివ్యజ్ఞానసమాజము తన కేంద్రస్థానమును అచ్చటికి మార్చుకొనిన తరువాత, ఉపనిషత్తుల పలుకులును, బౌద్ధమతపు మాటలును, పాశ్చాత్యదేశముల రహస్యవిద్యలును కలగలసిన యొక విచిత్రసిద్ధాంతము అక్కడినుండి యూరపునం దంతటను వ్యాపించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ సమాజనాయకులగు అనిబిసెంటమ్మయు లెడ్‌బీటరును గూడి ప్రకటించిన భావరూపముల గ్రంథమునందు కోపము, భక్తి, ప్రేమ మొదలగు చిత్తవృత్తులను రంగుల ఆకారములుగా ముద్రించి చూపిరి. పరిణామము పదార్థమునుండి చైతన్యమునకు సాగుచున్నదనియు, కంటికి కనబడు లోకము వెనుక సూక్ష్మలోకములు దొంతరలుగ నున్నవనియు, శిక్షితుడైనవాడు వానిని చూడగలడనియు ఆ సమాజము బోధించెను. హిల్మా ఈ బోధలో చాలకాలము మునిగినది. మాండ్రియన్ 1909లో ఆమ్‌స్టర్‌డాంలో ఆ సమాజమున సభ్యుడాయెను. కంటి కెదుట లేనిదానిని వ్రాయుట సాధ్యమనియు, అట్లు వ్రాయుట చిత్రకారునికి ధర్మమనియు ఇరువురికిని కలిగిన నమ్మకమునకు మూల మదియే. మూలమొక్కటియైనను ఆ నమ్మకము ఇరువురి చేతులలో రెండు విధములైన సాధనలుగా మారినది.

హిల్మా సంగతి మొదట చెప్పవలెను. పదేండ్ల ప్రాయపు చెల్లెలు 1880లో మరణించిన నాటినుండి ఆమె మనస్సు పరలోకవిషయములవైపు మరలినది. 1896లో మరి నలుగురు స్త్రీలతో గూడి ఆమె ‘ఐదుగురు’ అను పేర నొక చిన్న గోష్ఠి నేర్పరచుకొనెను. ప్రార్థనతోను బైబిలు పఠనముతోను ఆరంభమై, అదృశ్యులైన గురువుల పలుకులను కాగితములమీద గ్రహించుటతో ముగియు ఆ సమావేశములయందు ఆ గురువులు తమతమ పేర్లను సైతము తెలుపుచుండిరట. వారిలో ఆనందుడను నామధేయము గలవా డొకడు. 1906లో అమాలియేలను గురువు ఒక ఆలయమునకు వలయు చిత్రములను వ్రాయుమని కోరగా హిల్మా అంగీకరించెను. 1908 ఏప్రిల్ నాటికి 111 చిత్రములు సిద్ధమయ్యెను. వానిలో ‘పది మహాచిత్రములు’ అనబడునవి 1907 చివరి కొలది వారములలో వ్రాయబడినవి: ఒక్కొక్కటి 3 మీటర్లకు మించిన ఎత్తు, రమారమి 2.4 మీటర్ల వెడల్పు. శైశవ యౌవన ప్రౌఢత్వ వార్ధక్యములను నాలుగు దశలను నారింజ, నీలి, ఊదా మొదలగు వర్ణములమీద విచ్చుకొను రేకులతోను, చుట్టుకొని సాగు తీగలతోను, అర్థము తెలియని అక్షరములతోను నింపినవి. ముందుగ చిత్తుగీతలు లేకయే వానిని వ్రాసితిననియు, చేయి నడచినదే గాని తాను నడుపలేదనియు ఆమె తన పుస్తకములలో వ్రాసికొన్నది.

కన్నులు గానరాని తల్లికి శుశ్రూష చేయుటకై ఆమె నాలుగేండ్లపాటు ఆ పని నాపి, 1912లో మరల నారంభించి 1915 నాటికి మరి 82 చిత్రములు ముగించెను. ఈ రెండవ విడతలో గురువులు చేతిని నడుపుట తగ్గి, మనస్సున దోచిన రూపమునకు అర్థము చెప్పుకొని చిత్రించు బాధ్యత ఆమెకు సంక్రమించెను. నా దృష్టిలో ఆమె జీవితమున కెల్ల కీలకమైన మార్పు ఇది. 193 చిత్రములు ముగిసిన పిమ్మట ఆమె విశ్రమింపలేదు. తాను వ్రాసినదాని భావమేమని తానే విచారించుచు, అక్షరములకును సంకేతములకును నిఘంటువు కూర్చుచు, జీవితాంతము వరకు వేలకొలది పుటలు నింపుచుండెను. ఆమె విడిచిపోయిన వ్రాతపుటలు 26,000 వరకు ఉన్నవి. తన చేతినుండి వెలువడిన దానికి తానే తొలి పాఠకురాలై, తనకే దురవగాహమైన దానికి వ్యాఖ్యానము వ్రాయుచు గడపిన ఈ స్త్రీని, పూనకమున నేదో గీసిన అమాయకురాలిగా భావించుట గొప్ప అన్యాయము.

మాండ్రియన్ మార్గము వేరు. కాల్విన్ మతనిష్ఠగల బడిపంతులు కుమారుడగు నాతడు చెట్లను గీయుచు సత్యమును వెదకెను. 1908 ప్రాంతపు ఎర్రని చెట్టునందు కొమ్మలు ఇంకను కొమ్మలే. 1911 నాటి బూడిదవన్నె చెట్టునందు అవి వంపులు తిరిగిన గీతలు. 1912 నాటి పూచిన ఆపిల్ చెట్టునందు చెట్టు కరగిపోయి వంపుల లయ మాత్రమే మిగిలినది. 1911లో అతడు దివ్యజ్ఞానసిద్ధాంతమును నేరుగ బొమ్మకట్టి ‘పరిణామము’ అను మూడు పలకల చిత్రమును వ్రాసెను: ముగ్గురు నగ్నస్త్రీలు, మధ్యనున్న యామె కన్నులు విప్పి వెలుగును చూచుచున్నది. సిద్ధాంతము పైన కూర్చుండి చిత్రమును అణచివేసిన ఘట్టమది. అతని కృతులలో నాకు మిక్కిలి బలహీనముగ తోచునది కూడ నదియే. అతడును ఆ బాటను వెంటనే విడిచెను. 1920 తరువాత అతని చేత మిగిలినవి నిలువుగీతలు, అడ్డగీతలు, ఎరుపు, పసుపు, నీలము, తెలుపు, నలుపు, బూడిదవన్నె, ఇంతే. నిలువు పురుషతత్త్వము, అడ్డము స్త్రీతత్త్వము అని అతడు తలచెను. హిల్మా నీలమును స్త్రీకిని పసుపును పురుషునకును సంకేతము చేసెను. ఇరువురును ద్వంద్వముల సమన్వయమునే కోరిరి. ఆమె వానిని వర్ధిల్లజేసి, పెనవేసి, పూయించి ఆ సమన్వయమును సాధింపజూచెను. అతడు ఒక్కొక్కదానినే త్యజించుచు, త్యజింపరానిది మిగులువరకు ఆగలేదు.

ఇరువురిని ఇట్లు చూచిన ప్రేక్షకుడు సులభముగ ఒక నిర్ణయమునకు రావచ్చును: ఆమె నిమిత్తమాత్ర, అతడు స్వతంత్రకర్త, ఆమె చిత్రములు మరియెవరివో, అతనివి అతనివే. ఈ నిర్ణయము తప్పని నా విశ్వాసము. మన భాషలో భాగవతము రచించిన పోతన, పలుకుట తన వంతనియు పలికించువాడు రామభద్రుడనియు చెప్పుకొనెను. ఆ మాట విని ఆయన పద్యముల యతిప్రాసలను రాముడు దిద్దెనని యెవ్వరును భావింపరు. శబ్దమును అంతగా మెరుగుపెట్టిన శిల్పి మనకు అరుదు. నేను నిమిత్తమును అని పలుకుటకు కర్తృత్వమునందలి శ్రమను మానుట యని యర్థము కాదు. శ్రమ యంతయు చేసి ఫలమునందు మమకారమును విడుచుట యని యర్థము. కురుక్షేత్రమున నిమిత్తమాత్రుడవు కమ్మని విన్న అర్జునుడు విల్లు పారవేయలేదు గదా. హిల్మా వ్రాతపుటల రాశి ఈ శ్రమకు సాక్ష్యము.

అటువంటప్పుడు మాండ్రియన్ నిజముగ స్వతంత్రకర్తయా? వ్యక్తిగతమైన దంతయు దుఃఖమూలమనియు, విశ్వసామాన్యమైన సమత్వము వ్యక్తము కావలెనన్న వ్యక్తి తొలగవలెననియు అతడు మాటిమాటికిని వ్రాసెను. కాని ఆ తొలగుటను అతడు ఏ గురువునకును అప్పగింపలేదు. ఒక నల్లగీతను కొద్దిగ జరిపి, మరల జరిపి, తెలుపును మరల మరల పూసి, దినముల తరబడి చూచి, ఇంకను కుదరలేదని తలచి తిరిగి చెరపుచుండెడివాడు. న్యూయార్క్‌లో మరణించునప్పటికి అసంపూర్ణముగ మిగిలిన ‘విక్టరీ బూగీ వూగీ’ మీద, స్థానము నిర్ణయించుకొనుటకు అతికించిన రంగుల పట్టీలు నేటికిని ఉన్నవి. ఆ చిత్రము హేగ్ సంగ్రహాలయముననే యుండుట గమనింపదగినది. తన్ను తాను లేకుండ చేసికొనుటకు ఇంతగా చేతిని నమ్మిన కళాకారుని మరియొకని నేనెరుగను. హిల్మా అహంకారమును ముందే సమర్పించి పని మొదలిడినది. అతడు పనిచేయుచు చేయుచు అహంకారమును అరగదీసెను. ఆమెకు సమర్పణము ఆరంభము, అతనికి అది గమ్యము. ఒకరి ప్రక్కన మరియొకరిని నిలిపినందున తెలియవచ్చు సత్యమిది. ఏకాకిగ చూపినచో ఆమె ప్రవక్త్రిగను అతడు గణితజ్ఞుడుగను మాత్రమే కనబడుదురు.

ఈ కథలో మూడవవాడొకడు కలడు. అతడు చిత్రకారుడు కాడు, ప్రదర్శనపు గోడలమీద అతనికి స్థానము లేదు, కాని తెలుగువారికి అతడు పరాయివాడు కాడు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, మాండ్రియన్ సమాజమున చేరిన 1909లోనే, అడయారు సముద్రతీరమున లెడ్‌బీటరు చూచి, రాబోవు జగద్గురువునకు ఈ బాలుడు వాహనము కాగలడని ప్రకటించెను. ఆ ప్రకటనమును అంగీకరింపజాలక జర్మనీశాఖ నాయకుడగు రుడాల్ఫ్ స్టైనర్ 1913 నాటికి విడిపోయి వేరుసమాజము స్థాపించెను; 1920లో హిల్మా చేరినది ఆ సమాజముననే. మాండ్రియన్ సైతము 1921లో తన సిద్ధాంతగ్రంథమును స్టైనరుకు పంపి లేఖ వ్రాసి ప్రత్యుత్తరము పొందడాయెను. మదనపల్లె బాలుని పేర చీలిన రెండు పాయల యొడ్డున వీరిరువురును నిలిచియుండుట మన దేశమున వీరినిగూర్చి వ్రాయువారు సాధారణముగ గుర్తింపని విషయము. 1929 ఆగస్టు 3న, మాండ్రియన్ జన్మదేశమగు హాలండులోనే, ఓమెన్ శిబిరమున, కృష్ణమూర్తి తనకై కట్టిన సంస్థను తానే రద్దుచేసి, వాహనముగ నుండుటకు నిరాకరించెను. హిల్మా స్వీకరించిన పదవిని అతడు త్రోసివేసెను. సత్యమునకును మనుష్యునకును నడుమ మధ్యవర్తి అక్కరలేదనుట అతని పక్షము. ఈ పక్షము నిజమైనచో అమాలియేలు కోరిక యేమగును? ఆ చిత్రముల శక్తి యెక్కడిది? హిల్మా లోపలనుండి వచ్చిన దానికే ఆమె తన కాలపు భాషలో గురువని పేరు పెట్టుకొన్నదని సమాధానము చెప్పవచ్చును. నాకును అదియే సమ్మతము. అయినను ఆ పేరు లేనిదే ఆమె చేయి కదలియుండెడిది కాదని కూడ నేను నమ్ముచున్నాను.

ఇక ఎవరు ముందు అను తగవు. 2012లో న్యూయార్క్ ఆధునిక కళాసంగ్రహాలయము అమూర్తచిత్రకళ పుట్టుకనుగూర్చి పెద్ద ప్రదర్శనము నడపినపుడు హిల్మాకు అందు చోటు దొరకలేదు. 2018లో గుగెన్‌హైమ్‌న ఆమె చిత్రములను చూచుటకు 6 లక్షలకు పైగా జనులు వచ్చిన పిమ్మట, ఆమెయే అందరికంటె ముందు అను వాదము బలపడినది. తమ కృతి తమది కాదని పలికినవారి విషయమున పేటెంటు లెక్కలు వేయుట వారి సాధనకు తగని పని.

దీనికంటె గంభీరమైన వివాదము ఇటీవల బయలుదేరినది. ఆలయమునకై వ్రాసిన చిత్రములను సంగ్రహాలయములలో టిక్కెట్టు పెట్టి చూపరాదనియు, ఆధ్యాత్మికజిజ్ఞాసువులకు మాత్రమే చూపవలెననియు ఆమె కృతులను కాపాడు సంస్థకు చెందినవారే వాదించుచున్నారు. వారి భక్తిని నేను గౌరవింతును. కాని జిజ్ఞాసువెవడో గుర్తించు అధికారము ఎవరికున్నది? చూచుటకు ముందు జిజ్ఞాస లేనివానికి చూచిన తరువాత కలుగరాదా? ఆ చిత్రములకు హిల్మా కర్త కాదన్నచో ఆమె వారసులకు తలుపు మూయు హక్కు ఎక్కడినుండి సంక్రమించును? ఆమెయే కర్తయన్నచో ఆమె కోరిక వ్రాతమూలకముగ నున్నది: తాను గతించిన తరువాత 20 ఏండ్లు గడచువరకు వానిని విప్పరాదని ఆమె 1932లో నియమించెను. ఆ గడువు 1964లో తీరినది. కాలమును మాత్రమే ఆమె నిర్ణయించినది, చూడదగినవారి జాబితాను వ్రాయలేదు. ఎదుటి గోడమీద మాండ్రియన్ చిత్రమున్నచో ఆమె ఆక్షేపించి యుండెడిదని నమ్ముటకు నాకు హేతువు కనబడదు.