వయసుదా, జబ్బుదా?

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడే జబ్బు లూపస్. అది వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఎక్కువమందికి అది 15కీ 45కీ మధ్య, నెలసరులు సాగే కాలంలోనే మొదలవుతుంది. ఈస్ట్రోజెన్‌కీ రోగనిరోధక వ్యవస్థకీ ఉన్న సంబంధం అందుకు ఒక కారణమంటారు. అందుకే ముట్లుడిగే వయసు దగ్గరపడుతుంటే లూపస్ ఉన్న నాలో చిన్న ఆశ ఉండేది. నెయ్యి పోయడం ఆగితే మంటా అణుగుతుంది కదా అని.

ఆ ఆశలో నిజం లేకపోలేదు. ముట్లుడిగాక చాలామందిలో లూపస్ ఫ్లేర్లు, అంటే జబ్బు రేగడాలు, తగ్గుతాయి. కానీ అప్పటిదాకా జబ్బూ, స్టెరాయిడ్లూ కలిసి ఒంటికి చేసిన నష్టం ఎక్కడికీ పోదు. స్టెరాయిడ్లు గుల్లచేసిన ఎముకల్ని ఈస్ట్రోజెన్ లేమి ఇంకాస్త గుల్లచేస్తుంది. గుండె సంగతి ఇంకా భయపెట్టేది. 35 నుంచి 44 ఏళ్ల మధ్య లూపస్ ఉన్న ఆడవాళ్లకు గుండెపోటు ముప్పు మిగతావాళ్లకంటే 50 రెట్లు ఎక్కువని అమెరికాలో 1997లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే ముట్లు ఆగకముందే గుండె ముసలిదైపోతోందన్నమాట.

రాత్రిళ్లు హఠాత్తుగా మెలకువ వస్తుంది. మెడ వెనక చెమట, జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. గుండెల మీంచి ముఖంలోకి వేడి ఎగదన్నుకొస్తుంది. లూపస్ జ్వరమా, ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిరా? ఆవిరైతే కాసేపట్లో దిగిపోతుంది. జ్వరమైతే ఉంటుంది. తేల్చుకోవడానికి థర్మామీటరు నోట్లో పెట్టుకుని చీకట్లో కూర్చుంటాను. ఫ్యాను పెంచితే వేళ్ల కొసలు ముందు తెల్లబడి, తర్వాత నీలం తిరుగుతాయి, రేనాడ్స్ ఉంది కాబట్టి. ఛాతీ మీద నిప్పులు, చేతుల్లో మంచు. దుప్పటి తీసెయ్యాలి, చేతులకు మాత్రం ఉన్ని తొడుగులు వేసుకోవాలి. రెండూ ఒకే ఒంటికి.

ఏళ్ల తరబడి ఈ జబ్బుతో కాపురం చేసి నేర్చుకున్న విద్య ఒకటి నా దగ్గర ఉంది. ఏ నొప్పి పని ఎక్కువై వచ్చిందో, ఏది ఫ్లేర్‌కి ముందు వచ్చేదో రిపోర్టు రాకముందే తెలిసేది. ఇప్పుడు ఆ విద్య అక్కరకు రావడం లేదు. కీళ్లనొప్పులు, నీరసం, నిద్రలేమి, మతిమరుపు, గుండెదడ, జుట్టు రాలడం లూపస్‌లోనూ ఉంటాయి, మెనోపాజ్‌లోనూ ఉంటాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది ఇదే. నొప్పి కొత్తదేమీ కాదు. దాన్ని గుర్తుపట్టలేకపోవడమే కొత్త.

ఇలా కలగలిసిపోవడం నా ఒక్కదాని సంగతి కాదు. 1933లో స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ కళ్లూ నోరూ ఎండిపోయిన 19మంది ఆడవాళ్ల గురించి రాశాడు. వాళ్లలో ఎక్కువమంది ముట్లుడిగినవాళ్లే. ఆ ఎండిపోవడాన్ని వయసు ఖాతాలో రాసేసి ఊరుకోలేదు ఆయన. అందుకే ఆ జబ్బుకి ఇవాళ ఆయన పేరుంది. యోని పొడిబారడం కూడా అందులో భాగమే. పక్కన భర్త కూర్చుని ఉండగా డాక్టరుకు ఆ మాట చెప్పగలిగిన ఆడవాళ్లు మనలో ఎందరున్నారు?

"ఆ వయసులో అందరికీ ఉండేదేలే వదినా" అంటుంది మా ఆడపడుచు. ప్రేమగానే అంటుంది. ఆ మాట నేను చాలాసార్లు తిప్పితిప్పి ఆలోచించాను. వయసుదా, జబ్బుదా అని అడిగేటప్పుడు మనం నిజంగా అడిగేది కారణం గురించి కాదనిపిస్తుంది. జబ్బుదైతే మందు వెయ్యాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. వయసుదైతే ఓర్చుకోవాలి, అదీ నోరెత్తకుండా. ఆడదాని బాధల్లో దేనికి వైద్యం, దేనికి ఓర్పు అని ముందే పంచేసి పెట్టాం. ఆ పంపకం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆవిర్లకు మందులున్నాయి, హార్మోన్లు లేనివీ ఉన్నాయి. పొడిబారడానికీ ఉన్నాయి, ఎముకలకూ ఉన్నాయి.

ఓర్పు అయిపోయినచోట మనవైపు కత్తి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 3 పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 దాటారు. ప్లేట్‌లెట్లు పడిపోయో, రక్తం పలచనయ్యే మందుల వల్లో లూపస్ ఉన్న కొందరికి నెలసరి రక్తస్రావం ఎక్కువవుతుంది. "తీయించేసుకో, పీడ వదిలిపోతుంది" అంటారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చి కూర్చుంటుంది. లూపస్ నుంచి కిడ్నీలను కాపాడటానికి ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ మందు కూడా కొందరిలో అండాశయాలను ముందే ఆపేస్తుంది. ముప్పైల్లోనే అలా అయిన అమ్మాయికి "అందరికీ ఉండేదే" అని ఏ నోటితో చెబుతాం?

హార్మోన్ మాత్రలంటే మాలాంటివాళ్లకు అసలు కూడదని ఒకప్పుడు గట్టిగా అనేవారు. ముట్లుడుగుతున్న 351మంది లూపస్ రోగులపై చేసిన సెలీనా పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఏడాది పాటు హార్మోన్లు వాడినవాళ్లలో చిన్నా మధ్యస్థం ఫ్లేర్లు కాస్త పెరిగాయి, తీవ్రమైనవి చెప్పుకోదగ్గంత పెరగలేదు. జబ్బు అణిగి ఉన్నవాళ్లకు ఇది ఆలోచించదగ్గ దారే. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలున్నవాళ్లకు మాత్రం కాదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. నా రిపోర్టులో అవి ఉన్నాయి.

రుమటాలజిస్టు ఆవిర్ల గురించి గైనకాలజిస్టునడగమంటారు, ఆవిడ లూపస్ మాట వినగానే మళ్లీ ఆయన దగ్గరికే పంపుతారు. ఈసారి ఇద్దరికీ ఒకటే కాగితం తీసుకెళ్తున్నాను. ఏ రాత్రి ఎంత వేడి ఉందో, ఎంతసేపుందో, పొద్దున బిగుసుకున్న వేళ్లు ఎప్పటికి విడివడ్డాయో అందులో రాసి ఉంది. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ రాయమని అడుగుతాను, కొలెస్ట్రాలూ బీపీ చూడమంటాను, నిద్రకూ ఆవిర్లకూ నాకు సరిపడే మందేమిటో చెప్పమంటాను. ఇది దేనివల్ల వచ్చిందో తేలేదాకా ఆగమంటే ఈసారి ఆగను.