అనేముందు అడుగు నాయనా

ఏం నాయనా, ఎందుకంత తొందర నీకు? ఆదోని బస్సులో తెల్లకర్ర మడిచి ఒళ్లో పెట్టుకున్న పిల్లోడు సెల్లును ముక్కుకు ఆనించి చూసుకుంటుంటే, "కళ్లు లేనోడైతే సెల్లెట్ల చూస్తాడు, దొంగ పాసు" అనేస్తావు. నీ మనసు చెడ్డది కాదు, నాకు తెలుసు. చూపు పోయిందంటే అంతా కటిక చీకటే అనుకున్నావు, అంతే. ఏమీ అవుపడనోళ్లు చానా కొద్దిమంది. తక్కినోళ్లకు వెలుతురో నీడో రంగో ఆకారమో, ఏదో ఒకటి అవుపడుతూనే ఉంటుంది. అది ఎంత, ఎట్లాంటిది అనేది మనిషి మనిషికీ వేరు. అందుకే అనేముందు అడుగు అంటున్నా.

చట్టమూ ఈ మాటే చెబుతుంది. మంచి చూపున్నోడు 60 మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని, అద్దాలు పెట్టుకున్నా 3 మీటర్ల దగ్గరికి పోయి కూడా పోల్చుకోలేకుంటే అంధత్వమే అంటుంది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం. చూపు ఎంత స్పష్టంగా ఉన్నా, అవుపడే మేర 10 డిగ్రీల లోపైతే అదీ అంధత్వమే. 10 డిగ్రీలంటే ఎంతో చెప్తా. చేయి ముందుకు చాచి పిడికిలి బిగించు. ఆ పిడికిలి ఎంత చోటు కప్పుతుందో ఇంచుమించు అంత. లోకాన్నంతా ఆ పిడికెడు చోటులోనుంచే చూసుకోవాల పాపం.

మన జొన్నగిరి చేలల్లో తొలకరి పడితే ఎక్కడెక్కడి జనమో వచ్చి వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతారు గదా. రేచీకటితో మొదలై, చుట్టూ చూపు తరిగిపోతూ వచ్చిన మనిషిని ఆ చేలో నిలబెట్టు. మిట్టమధ్యాహ్నం సూటిగా ఎదురున్న మెరుపురాయిని నీకంటే ముందే ఏరుతాడేమో. పక్కనున్న గట్టు మాత్రం అవుపడదు, తట్టుకుని పడతాడు. పొద్దుగూకితే చేయిచ్చి ఇల్లు చేర్చాల. రాయి చూసినోడికి గట్టు అవుపడలేదా అని నవ్వేవాళ్లు నవ్వుతారు. నువ్వు నవ్వొద్దు. ఈ జబ్బును డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. విటమిన్ ఏ చాలక వచ్చే రేచీకటి మందుతో తగ్గుతుంది, ఇది వంశంలో వచ్చేది. మేనరికాల్లో పుట్టిన పిల్లలకు వచ్చే ముప్పు ఎక్కువ. మేనమామ కూతురే గదా అని ముహూర్తం పెట్టించే ముందు, ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉందేమో ఒకసారి కనుక్కో నాయనా.

ఇంకొకామెకు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. వయసు మీద పడి కంటి నడిమి చూపు పోతుంది, పక్కచూపు మిగులుతుంది. దారిలో గుంత తప్పించుకుంటుంది గానీ ఎదురొచ్చిన నీ ముఖం ఎవరిదో తెలీదు. నిన్ను చూడాలంటే నీ చెవి పక్కకు చూడాల ఆమె. నువ్వేమో "పలకరిస్తే ఎటో చూస్తుంది, ఎంత పొగరు" అని చిన్నబుచ్చుకుంటావు. అడిగి ఉంటే చెప్పేది గదా!

అంధుల క్రికెట్ చూసినావా? అందులో ఈ తేడాలన్నీ లెక్కగట్టి జట్టు కడతారు. చేతి ఆకారం కూడా పోల్చుకోలేనోళ్లు పదకొండు మందిలో కనీసం నలుగురు ఉండాల, వాళ్లు కొట్టిన పరుగు రెండుగా లెక్క. మిగిలినోళ్లు కొంచెం కొంచెం చూపున్నోళ్లు. ఉమ్మడి గుంటూరు జిల్లా పిల్లోడు అజయ్ కుమార్ రెడ్డి కెప్టెన్‌గా 2018లో షార్జాలో మనోళ్లు పాకిస్తాన్ మీద ప్రపంచకప్పు గెలిచినారు. గలగలలాడే బంతిని చెవితో పట్టి ఆడేవాళ్లను చూసి దొంగ పాసు అంటావా?

మరి పుట్టుకతోనే వెలుతురు ఎరగనోళ్లకు నలుపు అవుపడుతుందా అంటావు. నీ వీపు వెనక నీకిప్పుడు ఏం అవుపడుతోంది? నలుపా? ఏమీ లేదు గదా. వాళ్లలో చానామంది చెప్పేదీ అదే. చీకటని ఏడవడానికి వాళ్లకు చీకటి కూడా తెలీదు. "అయ్యో, చీకట్లో బతుకుతున్నావే" అని నువ్వు జాలిపడితే, ఆ జాలి వాళ్లకు ఏం పనికొస్తుంది? దానికంటే "మోచేయి ఇమ్మంటావా" అని అడిగితే మేలు.

ఇది మాత్రం బాగా విను, ఇంట్లో అవ్వలున్నారు గాబట్టి. చూపు బాగా తగ్గిన పెద్దోళ్లకు ఒక్కోసారి లేనివి అవుపడతాయి. గోడ మీద ముగ్గులు, వాకిట్లో చిన్నపిల్లలు, ఎరగని మనుషులు. మాటా పలుకూ ఉండవు, ఉత్త బొమ్మలే. 1760లో ఇప్పటి స్విట్జర్లాండ్‌లో ఛార్లెస్ బోనే అనే ఆయన తన తాతకు అట్లా మనుషులు, పక్షులు, బండ్లు అవుపడుతుంటే రాసిపెట్టినాడు. ఆ తాతకు మతి బాగానే ఉంది, అవి నిజం కావనీ తెలుసు. కంటినుంచి కబురు తగ్గితే మెదడు తనంతట తానే బొమ్మలు కడుతుంది. దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. మన ఇండ్లలో ఏం చేస్తారు? తాయెత్తు కట్టిస్తారు, లేదా "అవ్వకు మతి పోయింది" అని మనవళ్లు నవ్వుతారు. అప్పుడు ఆమె చెప్పడం మానేస్తుంది. నోరు మూసుకుని రాత్రంతా భయపడుతుంది. నువ్వు పక్కన కూర్చుని "ఏం అవుపడిందవ్వా" అని అడుగు. ఇట్లా చానామందికి అవుతుందని చెప్పు. ఆ ఒక్క మాటకే సగం భయం పోతుంది.

ఇంకో అలవాటు కూడా మానాల. వెనకనుంచి వచ్చి భుజం తట్టి "నేనెవరో చెప్పు" అని ఆటపట్టించొద్దు. పేరు చెప్పి పలకరించు. మంచమో బిందెనో జరిపితే జరిపినామని చెప్పు.

కళ్ల డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయొద్దు. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు చానావరకు తిరిగొస్తుంది. నీటికాసులు అట్లా కాదు, చుట్టూ చూపును చప్పుడు లేకుండా తినేస్తాయి. పోయింది రాదు, ఉన్నదాన్నే నిలుపుకోవాల. షుగరున్నోళ్లు ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అవ్వను తీసుకుపో. అక్కడ ఆమెకు ఏం అవుపడుతుందో ఆమెనే చెప్పనీ, మధ్యలో నువ్వు అందుకోవద్దు.