పెట్టే చెయ్యి ఎవరిది?

2016 వేసవి. కరీంనగర్ జిల్లాలో ఓ కరువు మండలం. బడికి సెలవులిచ్చినా వంటగదిలో పొయ్యి ఆరలేదు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పిల్లలకు అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. 2016 మే 13న స్వరాజ్ అభియాన్ కేసులో మళ్లీ చెప్పి, వారానికి కనీసం మూడు రోజులు గుడ్డో పాలో ఇవ్వమంది. ఆ గుడ్డు గురించే, బడి పంతులునైన నాకూ వంట అక్కకూ మాట వచ్చింది.

నాలుగో తరగతి పిల్ల ఒకతె పప్పుచారుతో అన్నమంతా తిని, గుడ్డును గౌను జేబులో వేసుకుంది. చితికిపోకుండా జేబు మీద చెయ్యి ఆనించి, ఓ పక్కకు వంగి నడుస్తూ గేటు దాటింది. ఇంట్లో చిన్న తమ్ముడున్నాడు.

"రేపటిసంది ఇక్కడనే తినమనాలె అక్కా. ఒక్క పూటకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అని లెక్క కట్టి ఇస్తున్నరు. గుడ్డు ఇంటికి పోతే ఈ పిల్లకు దక్కేదేంది?" అన్నాను.

వంట అక్క గంజు తోముతూనే అడిగింది: "తమ్ముడు ఆకలితోని ఉంటే, ఈమెకు తిన్నది ఒంటబడ్తదా సారూ?"

"కానీ ఆ గుడ్డు ఆమెకని ఇచ్చింది."

"ఎవలిచ్చిన్రు?"

"సర్కారు."

"బియ్యం సర్కారియ్యే. గుడ్లు నేను కిరాణం దుకాణంల ఉద్దెర తెచ్చిన. బిల్లు వచ్చినంక కట్టాలె. ఇంకా రాలే."

నాకు మాట తోచలేదు. అప్పట్లో నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం ఆమెది. రెండెకరాల మక్క ఎండిపోయింది. పప్పు, నూనె, కూరగాయలు అన్నీ ముందు ఆమె తేవాల్సి వచ్చేది, డబ్బు తర్వాత వచ్చేది. కరువులో ఊరి పిల్లల అన్నం ఊళ్లోకెల్లా పేదామె అప్పు మీద ఉడుకుతోందని, రోజూ ఆ పొయ్యి ముందే తిరిగే నాకు అప్పటిదాకా తట్టలేదు.

"అంటే దానం చేస్తున్నది నువ్వేనన్నమాట."

"దానమంటే ఊకోను సారూ. దానం తినేటోడు తలకాయ వంచుకొని తింటడు. మా పోరగాళ్లను చూడరాదు, 'ఇంకింత ఎయ్యి' అని పళ్లెం ముందటికి జరుపుతరు. గట్ల అడిగితెనే నాకు నిమ్మళం."

హక్కు అనే మాటకు నేను ఇంతకన్నా మంచి వివరణ ఏ చట్టంలోనూ చదవలేదు. 2001 నవంబర్ 28న ప్రాథమిక బడుల్లో వండి పెట్టమన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు సారం కూడా, నా దృష్టిలో, ఆ ముందుకు జరిగిన పళ్లెమే.

ఆదిలాబాద్ జిల్లాలో పనిచేసిన రోజుల గురించి చెప్పాను ఆమెకు. 1995 ఆగస్టు 15న మొదలైన పథకంలో పిల్లవాడికి నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లం, హాజరు 80 శాతం ఉంటేనే. వానాకాలం వాగులు పొంగితే ఉట్నూరు వైపు గోండు, కోలాం గూడేల పిల్లలు రోజుల తరబడి బడికి రాలేకపోయేవారు. హాజరు పడిపోయేది, దాంతో బియ్యం ఆగిపోయేవి. ఇంట్లో గింజలు నిండుకునే నెలలు కూడా అవే. ఆ రోజుల్లో హాజరు పట్టీలో గడులు నింపిన చేతుల్లో నాదీ ఒకటి. 2003 జనవరిలో రాష్ట్రంలో వండి పెట్టడం మొదలయ్యాక ఏ రోజుకారోజు వచ్చిన పిల్లకు వేడన్నం దొరికింది. అయినా లెక్క హాజరు పట్టీదే. అమ్మానాన్నల వెంట బతుకుదెరువుకు పోయిన పిల్ల ఇక్కడ 'గైరు', అక్కడ ఎవరి పట్టీలోనూ ఉండదు. కరువొచ్చినప్పుడు పట్టీ పిల్ల వెంట పోవాలి గానీ, పిల్లే పట్టీని వెతుక్కుంటూ రావాలనడం అన్యాయం.

"మరి ఆ పిల్లను గుడ్డు ఈడనే తినమంటవా?" అక్క వదల్లేదు.

"ప్రొటీన్ ఆమెకూ కావాలె కదక్కా."

"కావాలె. అందుకే అంటున్న, రెండు గుడ్లు కావాలె."

మర్నాడు ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని వచ్చింది. వాడికి నా పట్టీలో గడి లేదు. అక్క నన్నేమీ అడగలేదు. ఇంకో పళ్లెం కడిగి, పిల్ల పక్కన పెట్టింది. ఆ రోజు గౌను జేబు ఖాళీగానే ఇంటికి పోయింది.