తెలివి సాకు

పంది మాంసం ఎందుకు తినవని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "అది చాలా తెలివైన జంతువండీ." అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన 2021లో వచ్చాక నా మాటకు బలం పెరిగింది. అందులో నాలుగు పందులు మూతితో జాయ్‌స్టిక్ కదిపి తెర మీది చుక్కను గోడకు తగిలించాయి. వినేవాళ్లు నిజమేనన్నట్టు తలూపేవారు. అసలు సంగతి వేరు. మా ఇంట్లో పంది తినరు, అందుకని నేనూ తినను. ఆ మాట పైకి అంటే దాని వెనకున్న కులం, ఎవరిళ్లలో వండుతారన్న పాత చిన్నచూపు కూడా బయటపడతాయి. తెలివి మాట పెద్దమనిషి తరహాగా ఉంటుంది, అందుకే వాడుకున్నాను.

తెలివే కొలత అయితే మరి మేక సంగతేమిటి? 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు మేకల ముందు మూత రాని డబ్బా పెట్టారు. అవి డబ్బా వంక, పక్కనున్న మనిషి మొహం వంక మార్చి మార్చి చూశాయి. ఆదివారం మటన్ కొట్టు దగ్గర గుంజకు కట్టిన మేక కూడా వచ్చేపోయేవాళ్ల మొహాలే చూస్తుంటుంది. నేను మాత్రం "తొడ వెయ్యన్నా, కొవ్వు తగ్గించు" అంటూ తక్కెడ వంక చూస్తుంటాను.

రొయ్య తెలివి గురించి ఎవరూ మాట్లాడరు. కానీ హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని దాని కంటికాడ ఒకటి నలిపేస్తారు, లేదా కత్తిరిస్తారు. గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను అందులోనే ఉంటుంది మరి. బ్రిటన్ 2022లో చేసిన చట్టం రొయ్యల్నీ, పీతల్నీ, ఆక్టోపస్‌నూ సుఖదుఃఖాలు తెలిసిన జీవులుగా ఒప్పుకుంది. లెక్కలోకి తీసుకోవలసింది ఈ బాధే అనిపిస్తుంది నాకు. చురుకుదనాన్ని బట్టే ప్రాణానికి విలువ కడితే, మన ఇళ్లలో పసివాళ్లకూ, మతి తప్పిన ముసలివాళ్లకూ ఎంత కడతాం?

మటన్ మానేశానని చెప్పను, మానలేదు. రొయ్యలు కొనేటప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి లాగుతోంది. పంది గురించి ఎవరైనా అడిగితే "మాకు అలవాటు లేదు" అని ఉన్నమాటే చెబుతున్నాను. మీరు తినని మాంసానికి ఏ కారణం చెబుతారో, దాన్ని ఒకసారి మీరు తినే మాంసానికి కూడా పెట్టి చూసుకోండి.