ఖర్జూర తోటలో మాండవ్యుడి ప్రశ్న

చిన్నతనంలో తూనీగల్ని ముల్లుతో గుచ్చినందుకు మాండవ్య మహర్షిని పెద్దయ్యాక కొరత వేశారు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ఆయన యముణ్ణి నిలదీశాడు. పద్నాలుగేళ్ళలోపు చేసింది పాపం కాదని కట్టడి చేసి, మనిషిగా పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. సౌదీలో అల్ అహ్సా తోటల్లో ఇనప కమ్మీతో ఖర్జూరం మొదలు కెలికి పురుగుల్ని బయటికి లాగుతున్నప్పుడల్లా నాకీ కథే గుర్తొచ్చేది. ఆ కట్టడి నాకు వర్తించదు. నేను తెలిసే చంపుతున్నాను.

మాది కోనసీమ. ఆ పురుగు నాకు కొత్తది కాదు. కొబ్బరి మొవ్వును కొమ్ము పురుగు తొలిచిపోయాక, అదే గాయంలో గుడ్లు పెట్టే ఎర్రముక్కు పురుగు అది. దాని పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా. 1980లలో గల్ఫ్ దేశాల్లో కనబడింది, 1990లలో ఈజిప్టు, స్పెయిన్ చేరింది. సముద్రాలు ఎగిరి దాటలేదు. మనుషులు ఓడలకూ లారీలకూ ఎక్కించిన మొక్కల్లో, పిలకల్లో దాక్కుని పోయింది. అల్ అహ్సాలో 25 లక్షల ఖర్జూరాలున్నాయి. 2018లో యునెస్కో ఆ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అంత వనాన్ని ఆ పురుగు చేతికి అందించింది మనమే.

కొబ్బరి, తాటి, ఈత, ఖర్జూరం, ఈ కుటుంబం మొత్తానికీ ఒక లోటుంది. మామిడి మాను మీద గొడ్డలి దెబ్బ పడితే బెరడు కింద ఉండే పొర ఏళ్ళ తరబడి పెరిగి ఆ గాయాన్ని కప్పేస్తుంది. ఖర్జూరానికి ఆ పొర లేదు. మాను మీద పడ్డ గంటు చచ్చేదాకా గంటే. పైకి పెరిగే చోటు కూడా ఒక్కటే, నెత్తి మీది మొవ్వు. పచ్చి గాయం వాసన పట్టి ఆడ పురుగు వస్తుంది, రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. కాళ్ళు లేని తెల్లటి లద్దెలు మెత్తని గుజ్జు తింటూ లోపలే ఎదుగుతాయి, చెట్టు పీచుతోనే గూడు చుట్టుకుంటాయి. పైన గెలలు నిండుగా వేలాడుతూనే ఉంటాయి. మానుకు చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినిపిస్తుంది. కల్లులా పులిసిన వాసనతో గోధుమరంగు జిగురు కారిందంటే లోపల అప్పటికే చాలా పోయినట్టు.

ఆ గాయం చేసేదెవరు? మా ఊళ్ళో కొమ్ము పురుగు. అక్కడ ఎక్కువసార్లు మేమే, పిలక వేరు చేసిన గునపంతోనో, మట్ట కోసిన కత్తితోనో.

పురుగు పాపం, చెట్టు ప్రారబ్ధం అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ మాటతో కత్తి పట్టిన చెయ్యి కనబడకుండా పోతుంది. పురుగు తన ఆకలి తాను తీర్చుకుంది, అంతే. చెట్టు చేసిన తప్పూ ఏమీ లేదు.

ఎర బకెట్ల దగ్గర నా మనసు ఇంకా కలత పడేది. ఇక్కడ తిండి ఉంది రమ్మని మగ పురుగు తన వాసనతో తోటివాటిని పిలుస్తుంది. శాస్త్రవేత్తలు ఆ వాసనను తయారుచేసి చిన్న సంచిలో పెట్టారు. బకెట్లో ఖర్జూరాలు, నీళ్ళు వేసి ఆ సంచి వేలాడదీస్తాం. పురుగులు వచ్చి మునిగి చస్తాయి. వాటిలో ఆడవే ఎక్కువ. ఒక ప్రాణి తనవాళ్ళను పిలుచుకునే పిలుపుతోనే దాన్ని చంపడం ధర్మమని నేను ఎవరికీ చెప్పలేను. అవసరమని మాత్రం చెప్పగలను.

మహాభారతంలో, మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి చెప్పింది నాకు కాస్త దారి చూపింది. నాగలి కింద ఎన్నో ప్రాణులు పోతాయి, గింజలోనూ జీవముంది, హింస అంటకుండా ఎవరూ బతకరు. ప్రయత్నిస్తే మాత్రం దాన్ని తగ్గించుకోవచ్చు అంటాడాయన. ఆ ప్రయత్నం ఎక్కడ మొదలవ్వాలన్నదే నా ప్రశ్న. కమ్మీ చేతబట్టాక నేను జాలిపడినా మానినా పురుగుకు ఒకటే. మట్టలు కోసే రోజున దానికి నిజంగా మేలు చెయ్యగలను. పురుగు కదలిక తగ్గే చలికాలంలోనే కొయ్యాలి. కోసిన చోట వెంటనే మందు పూయాలి. పిలక తీసిన గంటు మీద మట్టి కప్పాలి. గాయం మూసిన చెట్టులో గుడ్డు పడదు, చంపాల్సిన ప్రాణీ పుట్టదు. నేను మనసారా నమ్మే అహింస ఇదే, దీనికి ఒళ్ళు వంచాలి.

నాతో పనిచేసిన బంగ్లాదేశ్ సిల్హెట్ భాయ్ నమాజు తప్పని మనిషి. ప్రళయం వచ్చి పడుతున్నా చేతిలో ఖర్జూరపు పిలక ఉంటే నాటెయ్యమని ప్రవక్త చెప్పారని అతనికి గట్టి నమ్మకం. ఆ మాట నాకూ ఎంతో నచ్చింది. కానీ ఎడారి అంతటా పురుగును మోసుకెళ్ళింది ఆ పిలకలే కదా అన్నాను. భాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పూట వచ్చిన పిలకలన్నీ కట్టలు విప్పించి, ఒక్కొక్కదాని మొదలూ వేలితో తడిమి, మందునీళ్ళలో అరగంట నానబెట్టించాడు. మెత్తగా తగిలినవాటిని పక్కన పడేశాడు. చీకటి పడిపోయింది, నాటడం మర్నాటికి వాయిదా పడింది. ముదీర్, అంటే తోట మేనేజరు, మా ఇద్దరి మీదా కేకలేశాడు.